ఒక్కడికి అంత ఓడ ఎందుకంటారా?

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని ఒకరంటారు. తనకే గతిలేనివాడు ఏనుగును మేపబోయాడని ఇంకొకరు. అంతరిక్ష వీడియో గేముల్లో పాడుబడ్డ ఓడలను విప్పి, తుక్కు అమ్ముకుని బతికే ఆటగాడు తోడెవరూ లేకుండానే నూటయాభై మీటర్ల ఓడ కొన్నాడనుకోండి, అతని చెవిన పడేవి ఈ మాటలే. గుంటూరు హాస్టల్ గదుల్లో ఆడే విద్యార్థులను అడిగినా, ఒంగోలులో రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు చేరే ఉద్యోగులను అడిగినా తీర్పు ఒకటే: ‘ఒక్కడివే అయితే చిన్న ఓడ తీసుకో. పెద్దది నలుగురి పని.’

ఈ తీర్పు చూడటానికి లెక్క ప్రకారమే ఉంది. అందుకే ఇన్నాళ్లు ఎవరూ ఎదురుచెప్పలేదు. కానీ లెక్కపెట్టింది ఓడలోని కుర్చీలను. అయిదు కుర్చీలుంటే అయిదుగురు ఉండాలి, ఒక్కడే ఉంటే నాలుగు వృథా అని తేల్చేశారు. తుక్కు పనిలో ఒంటరివాణ్ని ముంచేది ఖాళీ కుర్చీ అనుకోవడంలోనే ఉంది పొరపాటంతా. అతన్ని ముంచేవి తిరుగు ప్రయాణాలు, చాలని చోటు, సగంలో వదిలెయ్యాల్సి వచ్చే పని. ఈ మూడింటికీ మందు పెద్ద ఓడే.

ఈ తుక్కు పనినే సాల్వేజ్ అంటారు. అదేమిటో తెలియని పాఠకులకు ఒక్క మాట. 2020 అక్టోబరులో విశాఖ తెన్నేటి పార్కు ఒడ్డుకు ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి ఇరుక్కుపోయింది. ఆ ఓడను ఏం చెయ్యాలన్నది చాలాకాలం చర్చ. రెస్టారెంటుగా మారుద్దామని పర్యాటక శాఖ ముందుకొచ్చిన సంగతి విశాఖవాసులకు గుర్తుండే ఉంటుంది. కదలలేని ఓడకు కూడా ధర ఉంటుంది, ఆ ధర రాబట్టడానికి యంత్రాలూ చోటూ ఓపికా కావాలి. గేముల్లో జరిగేదీ అదే, సముద్రం బదులు శూన్యం. ఓడ పైపొరను కిరణంతో గీకాలి, మిగిలిన గూడును ముక్కలు చెయ్యాలి, వచ్చిన సరుకును డబ్బాల్లోకి ఎక్కించి అమ్ముకోవాలి.

ఈ వాదన ఎక్కువగా నడిచేది స్టార్ సిటిజన్ అనే ఆట చుట్టూ. క్రిస్ రాబర్ట్స్ 2012లో జనం ఇచ్చిన డబ్బుతో మొదలుపెట్టిన ఈ ఆటకు 80 కోట్ల డాలర్లకు పైగా చందాలొచ్చాయి, ఆట మాత్రం ఆల్ఫా దశలోనే ఉంది. (అది వేరే గొడవ. దాని మీద రాయాలంటే వేరే వ్యాసమే కావాలి.) అందులో ఏజిస్ వారి రిక్లెయిమర్ అనే ఓడ 2018లో ఎగరడం మొదలుపెట్టింది. పొడవు సుమారు 155 మీటర్లు, కడుపు కింద కొండను పట్టేంత ఇనుప పంజా. తమాషా ఏమిటంటే, తుక్కు కోసమే పుట్టిన ఆ ఓడకు దాదాపు అయిదేళ్లు తుక్కు పనే లేదు. పైపొర గీకే పని 2023 మార్చిలో 3.18 కూర్పుతో వచ్చింది. ఓడ గూటిని ముక్కలు చేసే పని అదే ఏడాది చివర్లో 3.22తో వచ్చింది.

దాని పక్కన నిలబెట్టి పోల్చే చిన్న ఓడ డ్రేక్ వారి వల్చర్. అది నిజంగానే ఒక్క మనిషి కోసం చేసింది. పైలట్ సీట్లోంచి లేవకుండానే రెండు కిరణాలూ నడపొచ్చు. గీకడం అయ్యాక వెనక్కి నడిచి, యంత్రంలోంచి డబ్బాలు తీసి పేర్చుకోవడమే. దాని సరుకు గదిలో పట్టేది 12 ఎస్‌సీయూ. ఆటలో సరుకు కొలిచే కొలమానం అది. రిక్లెయిమర్‌లో గీకే కిరణాలకు వేరే సీట్లున్నాయి. ఒక్కడే ఉంటే ఓడను శిథిలం పక్కన నిలిపి, పైలట్ సీటు దిగి, ఆ సీట్లోకి వెళ్లి కూర్చోవాలి. ఓడ కాస్త పక్కకు జరపాలంటే మళ్లీ లేవాలి. చిరాకే. అయితే దాని సరుకు గది 420 ఎస్‌సీయూ.

పెద్ద ఓడ వద్దనేవాళ్ల దగ్గర ఉన్న గట్టి వాదన ఇక్కడే ఉంది, దాన్ని దాటవేస్తే ఖండన కాదు. నిమిషానికి ఎంత గీకాడన్నదే లెక్క అయితే, ఒంటరివాడు వల్చర్‌లో బాగానే నెగ్గుకొస్తాడు. రెండు కిరణాలు ఒకే చేతిలో ఉన్నాయి, లేచి కూర్చునే బాధ లేదు, ఓడ చటుక్కున తిరుగుతుంది. రాత్రి లాగౌట్ అయి మర్నాడు అక్కడే లేవడానికి వల్చర్‌లోనూ పడక ఉంది. కాబట్టి ‘పెద్ద ఓడలో పడుకోవచ్చు’ అనే వాదన పెద్ద ఓడ పక్షం వాళ్లు మానుకోవడం మంచిది. అది చెల్లదు.

చెల్లేది చోటు లెక్క. 420ని 12తో భాగిస్తే 35. రిక్లెయిమర్ ఒక్కసారి మోసే సరుకుకు వల్చర్ ముప్పై అయిదు సార్లు తిరగాలి. ఓడ గూటిని ముక్కలు చేసే పని మొదలయ్యాక ఆ పన్నెండు ఎస్‌సీయూలు నిండటానికి ఎంతోసేపు పట్టదు. నిండాక ఏమిటి? శిథిలాన్ని వదిలి, దూరంగా ఉన్న స్టేషన్‌కు ప్రయాణం కట్టి, దిగడానికి అనుమతి అడిగి, సరుకు దించి, అమ్మి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. అందరూ తిరిగే సర్వర్ కాబట్టి వచ్చేసరికి ఆ శిథిలం ఇంకెవరి పాలో అయి ఉండొచ్చు. ఇక స్టేషన్‌లో కొనేవాడికీ ఒక హద్దుంటుంది. గిరాకీ నిండితే ఆ ఊళ్లో సరుకు పోదు, ఇంకో ఊరు వెతుక్కోవాలి. నిమిషానికి ఎంత గీకాడో లెక్క కట్టేవాళ్లు ఈ దారిలో పోయిన నిమిషాలను ఏ పద్దులో రాస్తారు? చిన్న ఓడ వాడి సాయంత్రంలో సగం అక్కడే కరిగిపోతుంది.

గుంటూరు మిర్చి రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. కాయ కోశాక కల్లంలో ఎండబోస్తాడు, తాలు కాయలు ఏరేస్తాడు, టిక్కీల్లోకి, అంటే బస్తాల్లోకి, తొక్కిస్తాడు. అక్కడి నుంచి అతని చేతిలో ఉన్నది ఒకే ప్రశ్న: ఇవాళే అమ్మాలా, ఆగాలా? పెట్టుకునే చోటు లేనివాడికి ఆ ప్రశ్న కూడా ఉండదు. యార్డులో ఆ రోజు పలికిన ధరకే ఇచ్చేసి రావాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తి, మే నెలలో యార్డుకు వేసవి సెలవులిచ్చే చోట, చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు వెలిసింది ఇందుకే. యాభై టిక్కీల రైతు వేల టిక్కీలు పట్టే భవనంలో తన సరుకు పెడితే ‘ఒక్కడివి, నీకింత భవనం ఎందుకు?’ అని ఎవరైనా అడుగుతారా? ఆ భవనం కాయలు కోయడానికి కట్టింది కాదని అందరికీ తెలుసు. రిక్లెయిమర్‌ను చూసి నవ్వేవాళ్లు సరిగ్గా ఆ పొరపాటే చేస్తున్నారు. అది గీకడంలో వల్చర్ కంటే చురుగ్గా ఉందా అని చూస్తున్నారు. ఒంటరి ఆటగాడు దాన్ని కొనేది గీకే వేగం కోసం కాదు, కల్లమూ కోల్డ్ స్టోరేజీ కలిపి శిథిలం పక్కకే తెచ్చుకోవడం కోసం.

రైతు కోల్డ్ స్టోరేజీని కొనడు కదా, అద్దె కడతాడు కదా అని అడ్డం తిరగొచ్చు. నిజమే. అయితే రైతుకు అద్దె గది రోడ్డు పక్కనే దొరుకుతుంది. శూన్యంలో తేలే శిథిలం పక్కన అద్దె గోడౌన్లు ఉండవు. నిల్వ చేసినవాడే ఎప్పుడూ గెలుస్తాడని కూడా ఎవరూ అనడం లేదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంత దిగజారిందంటే, మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడు ఎవరు ఆగి ఏం బావుకున్నారని గుంటూరులో అడిగితే కొట్టొచ్చేవాళ్లే ఎక్కువ. ఆగడం జూదమే. కానీ చోటు లేనివాడికి ఆ జూదం ఆడే అవకాశం కూడా లేదు.

‘పెద్ద ఓడలు గుంపుల కోసం’ అనేది ఈ రకం ఆటలన్నిటికీ సహజ ధర్మమన్నట్టు మాట్లాడతారు. ఆటల చరిత్ర చూస్తే అలా లేదు. బ్రిటన్‌కు చెందిన ఫ్రాంటియర్ సంస్థ 2014 డిసెంబరులో తెచ్చిన ఎలైట్ డేంజరస్ సంగతి చూడండి. అందులో ఫ్లీట్ క్యారియర్లు అనే భారీ ఓడలను తెస్తామన్నప్పుడు మొదట అనుకున్నది జట్ల కోసమే. తీరా 2020 జూన్‌లో అవి వచ్చేసరికి, కొనేది ఒక్కొక్క ఆటగాడే, ఒక్కొక్కరికి ఒక్కటే అన్న నియమంతో వచ్చాయి. జట్ల కోసం వేరే క్యారియర్లు 2025 దాకా రాలేదు. ధర 500 కోట్ల క్రెడిట్లు. ఒక్క దూకుడుకు 500 కాంతి సంవత్సరాలు పోతుంది, 25,000 టన్నులు పడుతుంది, పదహారు ఓడలు దిగడానికి చోటుంది. అయిదేళ్లపాటు అంతటి ఓడకు యజమాని ఒక్క మనిషే.

ఒంటరి ఆటగాళ్లు దాన్ని ఎలా వాడారన్నది ఇంకా ఆసక్తికరం. క్యారియర్‌ను పనిచోటుకు దగ్గరగా నిలుపుతారు. దాని కడుపులోంచి చిన్న ఓడ తీసుకుని బయటికెళ్లి గనులు తవ్వుతారు, తేలుతున్న సరుకు ఏరుకుంటారు, మళ్లీ వచ్చి క్యారియర్‌లో దించుతారు. క్యారియర్ ఒక్క రాయిని కూడా తవ్వదు. పనిముట్టుగా చూస్తే దానంత పనికిమాలినది లేదు. అయినా దాని కోసం నెలల తరబడి కూడబెట్టినవాళ్లకు లెక్కలు రావనుకోవాలా? మేపుడు ఖర్చూ ఉంది: అదనపు సేవలేవీ పెట్టుకోకపోయినా వారానికి 50 లక్షల క్రెడిట్లు. ఏడాదికి 26 కోట్లు, అంటే కొన్న ధరలో అయిదు శాతం. కట్టకపోతే అప్పు పేరుకుంటుంది, హద్దు దాటితే క్యారియర్ చేజారుతుంది. ఏనుగును మేపడమన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఆటగాళ్లు ఆ మేత లెక్క వేసుకునే కొన్నారు.

పైగా ఒక్కడి ఓడ ఒక్కడికే పనికొస్తుందనుకోవడం కూడా తప్పే. క్యారియర్ యజమాని అందరికీ తలుపు తెరవొచ్చు. 2020 నుంచి డీప్ స్పేస్ సపోర్ట్ అర్రే పేరుతో ఆటగాళ్లు తమ సొంత క్యారియర్లను పాలపుంత మూలమూలలకూ తీసుకెళ్లి నిలిపారు. ఇంటికి వేల కాంతి సంవత్సరాల దూరంలో ఓడ దెబ్బతిన్నవాడు అక్కడ దిగి బాగుచేసుకుంటాడు. అందులో ప్రతి ఓడా ఒక్కొక్కరి సొంతం. పెద్ద ఓడ కొన్న ఒంటరివాణ్ని స్వార్థపరుడని తిట్టేవాళ్లు ఈ సంగతి ఒకసారి చూడాలి.

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ 2003లో తెచ్చిన ఈవ్ ఆన్‌లైన్ అయితే ఈ కుర్చీల లెక్కను మొదట్లోనే కొట్టిపారేసింది. అందులో ఓడ ఎంత పెద్దదైనా నడిపేది ఒక్క పైలటే. పది కిలోమీటర్ల పొడవు దాటిన టైటాన్ ఓడకూ ఒక్కడే. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే చోట జరిగిన యుద్ధంలో 75 టైటాన్లు కూలాయి, ఒక్కోదానికి ఒక్కో పైలట్. తుక్కు పనికి అదే ఆటలో 2010లో నాక్టిస్ అనే ప్రత్యేక ఓడ వచ్చింది, దాన్ని నడిపేదీ ఒక్కడే. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ఓర్కా ఇంకా పెద్దది. తన కడుపులో వేరే ఓడలను మోసుకెళ్తుంది, తవ్విన సరుకు దాచుకుంటుంది. గనుల పని చేసే ఒంటరి ఆటగాళ్లు ఎంతోమంది దాన్నే ఇల్లు చేసుకున్నారు. 2013లో ట్రాక్టర్ యూనిట్ అనే చిన్న యంత్రం కూడా వచ్చింది. దాన్ని విడిచిపెడితే చుట్టుపక్కల శిథిలాలను తన దగ్గరికి లాగి సరుకు తీసి పెడుతుంది. మనిషి చెయ్యాల్సిన పనిని యంత్రానికి అప్పజెప్పడమన్నది ఆటలవాళ్లకు కొత్తేమీ కాదు.

నిజమైన సముద్రం మీద మాత్రం ఇంకేం జరుగుతోంది? మెర్స్క్ సంస్థ 2013లో దించిన ట్రిపుల్-ఇ తరగతి కంటైనర్ ఓడలు దాదాపు 400 మీటర్ల పొడవు. వాటిని నడిపేది ఇరవై చిల్లర మంది. ఓడ పొడవును బట్టి మనుషుల సంఖ్య పెరగాలన్న నియమం మన కాలపు రేవుల్లోనే చెల్లడం లేదు, తొమ్మిది వందల ఏళ్ల తరవాత జరిగే స్టార్ సిటిజన్ కథలో ఎందుకు చెల్లాలి?

స్పేస్ ఇంజనీర్స్ ఆటలో ఈ వాదన ఇంకా తేలిగ్గా తేలుతుంది. కీన్ సాఫ్ట్‌వేర్ హౌస్ 2013లో విడుదల చేసి, 2019లో పూర్తి రూపం ఇచ్చిన ఆట అది. అందులో గ్రైండర్ పెట్టి పాత ఓడను విప్పితే దాని విడిభాగాలు చేతికొస్తాయి. ఆ భాగాలతో, ఏరుకున్న ఖనిజంతో కొత్తవి చెయ్యాలంటే రిఫైనరీ, అసెంబ్లర్ కావాలి. ఆ ఆట కట్టడాల్లో చిన్న కొలత, పెద్ద కొలత అని రెండు రకాలు. రిఫైనరీ, అసెంబ్లర్ అమరేది పెద్ద కొలత కట్టడాల్లోనే. అంటే తిరుగుతూ తుక్కు ఏరి, అక్కడికక్కడే సరుకు చేసుకోవాలనుకున్న ఒంటరివాడికి పెద్ద ఓడ తప్పదు. అతనొక్కడే ఉన్నాడా, పదిమంది ఉన్నారా అన్నది యంత్రానికి అక్కర్లేదు. ‘ఒక్కడివి కదా, చిన్నది చాలు’ అన్న సలహా ఈ ఆటలో పాటిస్తే అతను ప్రతి లోడుకూ ఎక్కడో నేల మీదున్న స్థావరానికి పరిగెత్తాల్సిందే.

నో మ్యాన్స్ స్కై సంగతి వేరు. అక్కడ పెద్ద ఓడ కొనాలా వద్దా అన్న చర్చే లేదు, దాదాపు చేతిలో పెట్టి పంపిస్తారు. 2016 ఆగస్టులో వచ్చిన ఈ ఆటలో అదే ఏడాది నవంబరులో ఫ్రైటర్లు చేరాయి. దోపిడీ ఓడల దాడి నుంచి మొదటి ఫ్రైటర్‌ను కాపాడితే, దాని కెప్టెన్ కృతజ్ఞతతో ఓడనే ఇచ్చేస్తానంటాడు. డబ్బు కట్టక్కర్లేదు. 2022 జులైలో వచ్చిన ఎండ్యూరెన్స్ కూర్పు ఆ ఓడ లోపల కట్టుకునే స్థావరాన్ని పూర్తిగా మార్చేసింది. పాడుబడ్డ ఫ్రైటర్లలోకి దిగి సరుకు తెచ్చుకునే పని 2020 జులైలోనే వచ్చింది. స్టేషన్లో తుక్కు వ్యాపారి దగ్గర సంకేత యంత్రం కొనుక్కుని, ఆ గుర్తు పట్టుకుని వెళ్లాలి. ఏ నక్షత్ర మండలంలో ఉన్నా సొంత ఫ్రైటర్‌ను పిలవొచ్చు, అది వచ్చి వాలుతుంది. ఈ ఆటను ఒంటరిగా ఆడే లక్షల మందిలో ఎవరూ దాన్ని పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమనరు. ఆట అలా నేర్పలేదు, అంతే. అంటే ‘పెద్దది గుంపులకే’ అన్న నమ్మకం ఓడల స్వభావంలోంచి పుట్టింది కాదని తేలుతోంది. ఒక ఆటలో అలవాటైన మాట అన్ని ఆటలకూ పాకింది.

ఇక రెండో అభ్యంతరం, కాస్త నీతి కలిసింది. పెద్ద ఓడలో నలుగురూ కలిసి పనిచెయ్యడమే ఆట అసలు ఆనందమని, ఒంటరివాడు ఆ ఆనందాన్ని చెడగొడుతున్నాడని అంటారు. నలుగురు కలిస్తే బాగుంటుందన్న దాంట్లో పేచీ ఏమీ లేదు. ఆ నలుగురు ఎక్కడ దొరుకుతారన్నదే పేచీ. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనో కలిసి ఆడిన నలుగురిని తీసుకుందాం. చదువయ్యాక ఒకడు హైదరాబాద్, ఒకడు బెంగళూరు, ఒకడు డల్లాస్, ఒకడు చిలకలూరిపేటలో సొంత జిన్నింగ్ మిల్లు. మిల్లులో ఉన్నవాడికి రాత్రి పదింటికి ఖాళీ దొరికితే, వేసవిలో డల్లాస్‌లో అది పగలు పదకొండున్నర, అవతలివాడు ఆఫీసులో ఉంటాడు. అవతలివాడికి రాత్రి పదైతే ఇక్కడ తెల్లారి ఎనిమిదిన్నర, ఇవతలివాడు కాటా దగ్గర ఉంటాడు. పత్తి సీజను మొదలైతే ఆ రాత్రి పది కూడా నమ్మకం లేదు, లోడు ఎప్పుడొస్తే అప్పుడు లేవాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కంప్యూటర్ ఎంతసేపు నిలుస్తుందో అందరికీ తెలిసిందే.

ఇలాంటివాడికి ‘నలుగురిని కూడగట్టుకుని పెద్ద ఓడ ఎక్కు, లేదంటే చిన్న ఓడతో సరిపెట్టుకో’ అని చెప్పడం సలహా కాదు, వెళ్లగొట్టడం. అతనికి దొరికేవి ముక్కలు ముక్కలుగా గంటలు. ఇవాళ ముప్పావు గంట గీకి, రేపు గంటన్నర ముక్కలు చేసి, ఆదివారం పొద్దున తీరిగ్గా తీసుకెళ్లి అమ్ముకునే పద్ధతి అతనికి కావాలి. పన్నెండు ఎస్‌సీయూల ఓడలో అది కుదరదు, ప్రతి ముప్పావు గంటకూ ఒక అమ్మకం ప్రయాణం తగులుతుంది. రిక్లెయిమర్ సరుకు గది సగం నిండినా, పావు నిండినా నష్టం లేదు. ఖాళీ ఉండటమే దాని ఉపయోగం.

ఆట తయారుచేసేవాళ్లు కూడా ఈ విషయంలో నిజాయితీగా లేరు. స్టార్ సిటిజన్‌లో పెద్ద ఓడలకు కృత్రిమ సిబ్బందిని ఇస్తామన్న మాట ఏళ్లుగా వింటున్నదే, ఆ సిబ్బంది మాత్రం ఇంకా ఓడ ఎక్కలేదు. మరోపక్క ఫ్యూజులు మార్చడం, మంటలార్పడం, యంత్రభాగాలు బాగుచెయ్యడం వంటి ఇంజనీరింగ్ పనులు పెద్ద ఓడల మీద పెంచుతామని చెబుతూ వచ్చారు. ఓడ అమ్మేటప్పుడు ఒక్కడికి అమ్ముతారు, పని పెట్టేటప్పుడు అయిదుగురికి పెడతారు. ఖండించాల్సింది ఏదైనా ఉంటే ఇది. ఓడ కొనుక్కున్న ఒంటరి ఆటగాణ్ని వెక్కిరించడం వల్ల ఈ తిరకాసు మరుగున పడిపోతోంది.

స్థావరం ఇంకొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో హార్డ్‌స్పేస్: షిప్‌బ్రేకర్ అనే ఆట చూపించింది. బ్లాక్‌బర్డ్ ఇంటరాక్టివ్ 2020లో తొలి రూపంలోనూ, 2022 మేలో పూర్తిగానూ విడుదల చేసింది. అందులో ఆటగాడు ఒంటరిగా భూమి చుట్టూ తిరిగే యార్డులో ఓడలు విప్పుతాడు. యార్డు కంపెనీది, కొలిమి కంపెనీది, పనిముట్లు అద్దెవి. మొదటి రోజే నెత్తిన వంద కోట్లకు మించిన అప్పు. రోజు గడిచేసరికి గదికింత, పరికరాలకింత అని కోతలు పడతాయి. చిన్న పనిముట్టు చేతిలో ఉండి చోటు మాత్రం పరాయిదైన పనివాడి కథ అది, చివరకు యూనియన్ దాకా వెళ్తుంది. పెద్ద ఓడ సొంతంగా ఉండాలని ఒంటరివాడు ఎందుకు కోరుకుంటాడో అడిగేవాళ్లు ఆ ఆటను కొన్ని గంటలు ఆడితే చాలు.

మూడో అభ్యంతరం ప్రమాదం గురించి. ఇది పూర్తిగా కొట్టేయలేనిది. నాలుగు వందల ఎస్‌సీయూల సరుకుతో నెమ్మదిగా కదిలే ఓడ దోపిడీ ఆటగాడికి నోరూరించే ఎర. ఒంటరివాడు ఒకేసారి ఓడ నడిపి, తుపాకీ పేల్చలేడు. సర్వర్ కూలిపోతే, స్టార్ సిటిజన్ వాళ్లకు బాగా పరిచయమైన ‘30వేల’ ఎర్రర్ వస్తే, అంత సరుకూ గాలిలో కలవొచ్చు. బీమా ఓడను తిరిగి ఇస్తుంది, సరుకును ఇవ్వదు. చిన్న ఓడవాడికి పోయేది పన్నెండు ఎస్‌సీయూలే.

అయితే దీనికి విరుగుడు చిన్న ఓడ కొనడం కాదు. గది నిండేదాకా ఆగకుండా, పోయినా గుండె ఆగిపోనంత సరుకు చేరగానే అమ్మేయడం. వంద దగ్గర ఆపుకోవచ్చు, నూటయాభై దగ్గర ఆపుకోవచ్చు. ఆ హద్దు పెట్టుకునేది ఆటగాడే. వల్చర్‌లో ఆ హద్దు ముందే గీసి ఉంది, మార్చుకునే వీల్లేదు. ఎలైట్‌లో అయితే ఈ భయమే లేదు, ఫ్లీట్ క్యారియర్‌ను ఎవరూ పేల్చలేరు. కాబట్టి ప్రమాదం పెద్ద ఓడ అనే ఆలోచనలో లేదు, ఒక ఆట సర్వర్లలోనూ దాని నియమాల్లోనూ ఉంది.

మిగిలింది డబ్బు. దీని గురించి మాత్రం పెద్ద ఓడ పక్షం వాళ్లకూ నాలుగు మాటలు చెప్పాలి. రిక్లెయిమర్‌ను కంపెనీ అసలు డబ్బుకు సుమారు 400 డాలర్లకు అమ్ముతోంది. మన లెక్కలో ముప్పై వేల రూపాయలు దాటుతుంది. ఇంకా పూర్తికాని ఆటలో, రేపు ఏ నియమం మారుతుందో తెలియని ఓడకు అంత పెట్టడాన్ని ఈ వ్యాసం సమర్థించదు. అదే ఓడను ఆట లోపల సంపాదించిన డబ్బుతో కొనుక్కోవచ్చు. అందుకు వల్చర్ బాగా పనికొస్తుంది. మొదట దాంతో గీకండి, పని నేర్చుకోండి, కూడబెట్టండి, ఆ డబ్బుతో రిక్లెయిమర్ తెచ్చుకోండి. జేబులోంచి డాలర్లు తీయకండి. తెచ్చుకున్నాక ‘ఒక్కడికి అంత ఓడ ఎందుకు’ అని ఎవరైనా అడిగితే, వాళ్లు వారంలో ఎన్నిసార్లు స్టేషన్‌కు వెళ్లొచ్చారో తిరిగి అడగండి.